సీజను అయిపోయాక సముద్రం

వేసవి సంచికలో నయాగరా గురించి రాశాక ఈ శీర్షిక చదివేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "అమ్మావాళ్ళు డిసెంబరులో వస్తున్నారండీ, ఆ చలిలో వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్తాం?" అని. పెద్దవాళ్ళని మే నెలలో రప్పించి అక్టోబరులో పంపించెయ్యడం మనందరికీ తెలిసిన పద్ధతే. కానీ పురుళ్ళు సీజను చూసుకుని రావు. వీసా ఇంటర్వ్యూ తేదీలు అంతకన్నా రావు. అంచేత చాలా ఇళ్ళలో అమ్మమ్మలూ మామ్మలూ నవంబరులో దిగి, హీటరు పక్కన కుర్చీ వేసుకుని, పక్కింటాయన స్నో ఎత్తిపోసుకోవడం కిటికీలోంచి చూసి, చెట్లు చిగురించే వేళకి విమానం ఎక్కేస్తారు. అమెరికా ఎలా ఉందని అక్కడ ఎవరైనా అడిగితే పాపం ఏం చెప్తారు?

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆకులు రాలుతుంటాయి కాబట్టి ఈసారి ఆ సంగతే రాస్తాను. సీజను అయిపోయాక, చలిదేశపు సముద్రం చూడ్డానికి వెళ్ళాలా, వద్దా? కిందటి డిసెంబరులో మా ఇంట్లో రెండు వారాలు వాదించుకుని తేల్చుకున్న విషయం కాబట్టి కాస్త అధికారంతోనే రాస్తున్నాను.

మేముండేది బోస్టన్ దగ్గర. అప్పుడు మా అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు. అత్తయ్యగారికి 71, మామయ్యగారికి 76. అత్తయ్యగారు పుట్టి పెరిగింది భీమిలిలో. గోస్తని సముద్రంలో కలిసేచోట ఆడుకున్న మనిషి. మా ఇంటికి వచ్చిన రెండో వారంలోనే అడిగారు.

"ఏమ్మా, ఇక్కడికి సముద్రం దగ్గరేనంట కదా? దాని ఒడ్డున కూడా ఈ మంచు పడుతుందా? ఇసక మీద?"

పడుతుందన్నాను.

"అయితే అది చూడాలి" అన్నారు.

మీకు ఇందులో పెద్ద విశేషం కనిపించకపోవచ్చు. పదిహేనేళ్ళుగా ఆవిడ కోడల్ని. ఫలానాది కావాలి అని ఆవిడ నోరు తెరిచి అడగ్గా నేను విన్నది తక్కువ. పైగా విమానం దిగిన రోజునే చెప్పేశారు, మోకాళ్ళ నెప్పితో ఇన్ని గంటల ప్రయాణం మళ్ళీ తన వల్ల కాదని, ఇదే ఆఖరుసారి అని. జనవరి పదో తారీకున తిరుగు టిక్కెట్టు. కాబట్టి ఎవరింట్లో అయినా సులభంగా చెల్లిపోయే "ఈసారి వేసవిలో చూద్దాం లెండి" అనే మాట మా ఇంట్లో చెల్లలేదు.

మామయ్యగారు మాత్రం ససేమిరా అన్నారు. ఆయన జీవితమంతా ఇన్సూరెన్సులో పనిచేసి రిటైరైన మనిషి. మేము వాళ్ళిద్దరికీ తీసుకున్న విజిటర్ పాలసీని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా, అడుగున ఉన్న చీమ అక్షరాలతో సహా చదివేశారు. "ఉన్న జబ్బులకి ఇవ్వడు. కొత్తగా విరిగిన ఎముకకి ఇస్తాడుగానీ, అందులో మన వాటా ఎంతో చూశావా? సముద్రం మనూళ్ళో లేదా? ఐసు మీద జారిపడ్డానికి డబ్బిచ్చి హోటల్లో దిగాలా?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. డెబ్బై దాటిన మనిషికి తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత కథ ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు.

మావారిది మూడో పక్షం. వెళ్తే బార్ హార్బరుకే వెళ్ళాలి, అకేడియా నేషనల్ పార్కుకే వెళ్ళాలి, లేకపోతే మానెయ్యాలి. ఆ పట్టుదలకి కారణం ఉంది. మెయిన్ రాష్ట్రం అనగానే అందరూ చెప్పేది అదే. ఏడాదికి 40 లక్షల దరిదాపు సందర్శనలు లెక్కకు వచ్చే పార్కు అది. 1,530 అడుగుల ఎత్తున్న కాడిలాక్ కొండ మీద అక్టోబరు మొదటివారం నుంచి మార్చి మొదటివారం దాకా అమెరికా మొత్తానికి మొట్టమొదట సూర్యోదయం కనిపిస్తుంది. "చూశావా, చలికాలంలోనే! అది చలికాలం స్పెషల్!" అని మావారి వాదన.

మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ళ నాన్న మాటని పరీక్షించడం దానికి ఇష్టమైన పని. ఒక సాయంత్రం కూర్చుని పార్కు సైటంతా చదివి చెప్పింది. ఆ పార్కులో కొండకీ తీరానికీ చుట్టూ తిరిగే లూప్ రోడ్డులో చాలాభాగం డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 14 వరకూ కార్లకి మూసేస్తారు. కొండపైకి వెళ్ళే రోడ్డూ అందులోదే. అంటే దేశంలో మొదటి సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజాము చీకట్లో, ఐసు మీద, కాళ్ళకి మేకుల తొడుగులు వేసుకుని మైళ్ళకి మైళ్ళు నడిచి ఎక్కాలి. "మామ్మని నువ్వు మోస్తావా డాడీ?" అంది.

సీజను అయిపోవడం అంటే ఏమిటో అప్పుడు మాకు వివరంగా తెలిసింది. బార్ హార్బరులో హోటళ్ళూ తినుబండారాల కొట్లూ చాలామటుకు అక్టోబరు చివరికి తలుపులు వేసుకుని, మళ్ళీ మే నెలలో తెరుస్తారు. పార్కులో తిప్పే ఉచిత బస్సులు అక్టోబరు మధ్యకే ఆగిపోతాయి. తిమింగలాలు చూపించే పడవలూ అంతే. పిల్లలు బొమ్మల్లో చూసి మురిసిపోయే పఫిన్ పక్షులైతే ఆగస్టులోనే నడిసముద్రానికి వెళ్ళిపోతాయి. సెప్టెంబరులో వెళ్ళినవాళ్ళకే అవి దొరకవు. రోడ్డు పక్కన లాబ్‌స్టరు అమ్మే పాకలు మూసి ఉంటాయిగానీ, మా అత్తగారికి దానివల్ల నష్టం ఏమీ లేదు. తెరిచి ఉండేది సాండ్ బీచ్, థండర్ హోల్ పక్కనుంచి పోయే రెండు మైళ్ళ రోడ్డూ, ఇంకొన్ని ముక్కలూ. ఆ రెండు మైళ్ళూ అందమైనవే. కానీ వాటికోసం బోస్టన్ నుంచి 280 మైళ్ళు, మంచు పడితే ఆరు గంటలో ఏడు గంటలో ఎవరికీ తెలియదు. నాలుగింటికల్లా చీకటి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అకేడియాతో సహా 11 పార్కుల్లో 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్ళకి, 16 ఏళ్ళు దాటితే, మనిషికి 100 డాలర్లు అదనపు రుసుము పెట్టారు. మన అమ్మానాన్నలు అందులోకి వస్తారు. వేసవిలో వెళ్ళినా చలికాలంలో వెళ్ళినా బయల్దేరేముందు పార్కు సైటు ఒకసారి చూసుకోండి.

చలి గురించి మన పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు డిగ్రీలు చెప్పి లాభంలేదు, గాలి చెప్పాలి. 20 డిగ్రీల ఫారన్‌హీటు అంటే మన లెక్కలో మైనస్ 7 సెల్సియస్. స్వెట్టరూ కోటూ మంకీక్యాపూ ఉంటే పావుగంట నిలబడగలరు. అదే 20 డిగ్రీల్లో గంటకి 25 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి తగిలేది 3 డిగ్రీలు, అంటే మైనస్ 16. సముద్రపు ఒడ్డున గాలి లేని రోజు ఎన్నడు? ఇంటి ముందు కారెక్కేటప్పుడు "ఫరవాలేదే, పెద్ద చలేం లేదు" అనుకున్న మనిషి బీచిలో తలుపు తెరవగానే మళ్ళీ మూసేసుకునేది అందుకే.

చలికన్నా నేను ఎక్కువ భయపడింది రాళ్ళకి. మెయిన్ తీరం ఎక్కువభాగం ఇసక కాదు, రాయి. పోటు నీళ్ళు తడిపిపోయే మేరకి ఆ రాళ్ళ మీద నల్లటి నాచు పట్టి ఉంటుంది. వేసవిలోనే అది జారుడు. చలికాలంలో కెరటాల తుంపర దాని మీద పడి అద్దంలా గడ్డకడుతుంది. పైగా అట్లాంటిక్ కెరటాలకి లెక్క లేదు. 2009 ఆగస్టు 23న హరికేన్ బిల్ తీరానికి దూరంగానే వెళ్ళిపోతుంటే, కెరటాలు చూద్దామని అకేడియాలో థండర్ హోల్ దగ్గర రాళ్ళమీద నిలబడ్డవాళ్ళని ఒక పెద్ద అల లాక్కుపోయింది. ఏడేళ్ళ పాప చనిపోయింది. తుపాను అక్కడికి రాలేదు, అల వచ్చింది. మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు, రాయి కనిపిస్తే ఎక్కే రకం. ఈ సంగతి చదివిన రాత్రి నేను మామయ్యగారి పార్టీలో చేరిపోయాను.

మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర అత్తయ్యగారితో ఉన్నదున్నట్టు చెప్పేశాను. రోడ్లు మూస్తారు, హోటళ్ళు మూస్తారు, గాలి, ఐసు, కెరటాలు. ఆవిడ అంతా విని, కాఫీ పూర్తిచేసి, రెండు ప్రశ్నలు వేశారు.

"కారు నీళ్ళకి ఎంత దగ్గరదాకా పోతుంది?" ఇది మొదటిది.

"ఆ వేళప్పుడు గాలి నేలమీంచి వీస్తుందా, సముద్రంమీంచి వీస్తుందా?" ఇది రెండోది.

రెండు వారాలుగా ఏమేం తెరిచి ఉంటాయని మేం లెక్కలు వేసుకుంటున్నాం. ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. భీమిలి జాలర్ల ఇళ్ళ పక్కన పెరిగినావిడకి సముద్రం ఎప్పుడు మంచిదో ఎప్పుడు కాదో ఎవరూ నేర్పక్కర్లేదు. "మాకు మాత్రం సీజను లేదేంటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. హుద్‌హుద్‌ని చూసినదాన్ని నేను. సముద్రం దగ్గరకి వద్దన్నప్పుడు వెళ్ళను" అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డ రోజు వాళ్ళు అక్కడే ఉన్నారు.

అప్పుడు మా పెద్దమ్మాయి మ్యాపు తెరిచి, నీళ్ళ పక్కనే కారు ఆపుకోగలిగిన చోట్లు వెదకడం మొదలుపెట్టింది. దాంతో బార్ హార్బరు దానంతటదే పక్కకి పోయింది. మెయిన్‌లోకి అడుగుపెట్టిన కొద్దిసేపటికే యార్క్ అనే ఊరుంది. అక్కడ లాంగ్ సాండ్స్ బీచ్ పొడవునా రోడ్డు సముద్రం పక్కనే పోతుంది. కారు ఆపితే ఎదురుగా ఇసక, ఇసక అవతల నీళ్ళు. వేసవిలో అక్కడ పార్కింగు దొరకడమే గొప్ప. ఆ రోడ్డు చివర ఒక మలుపు తిరిగితే నబుల్ లైట్‌హౌసు. 1879లో కట్టారు. చిన్న రాతిదీవి మీద ఉంటుంది, ఎవర్నీ అక్కడికి పోనివ్వరు. అందరూ ఇవతలి గట్టున కార్లు ఆపుకుని చూడవలసిందే, అంటే పడుచువాళ్ళూ పెద్దవాళ్ళూ అక్కడ సమానం. క్రిస్మస్ రోజుల్లో దానికి దీపాల తోరణాలు కడతారు. ఇంకా పైకి వెళ్తే, బోస్టన్ నుంచి 110 మైళ్ళలో పోర్ట్‌లాండ్. దాని పక్కనున్న కేప్ ఎలిజబెత్‌లో పోర్ట్‌లాండ్ హెడ్ లైట్. 1791 జనవరి 10న మొదటిసారి వెలిగించారు, జార్జి వాషింగ్టన్ ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో. అక్కడా కారు దాదాపు పక్కదాకా పోతుంది. లోపలి మ్యూజియం చలికాలంలో మూసి ఉంటుంది, ఉండనివ్వండి. పోర్ట్‌లాండ్ చిన్నదే అయినా ఏడాది పొడవునా బతికుండే ఊరు. హోటళ్ళు తెరిచి ఉంటాయి, పెద్దాసుపత్రి ఉంది. మామయ్యగారు ఆసుపత్రి ఉందన్నాక కాస్త మెత్తబడ్డారు.

రెండో ప్రశ్నకి జవాబు కూడా దొరికింది. ఈ తీరంలో చలికాలపు తుపాన్లని నారీస్టర్లు అంటారు. గాలి ఈశాన్యం నుంచి, అంటే సముద్రంమీంచి వీస్తుంది. 2024 జనవరి 10న, 13న రెండు తుపాన్లు వరసగా వచ్చాయి. 13న పోర్ట్‌లాండ్ దగ్గర నీటిమట్టం 14.57 అడుగులకి చేరి పాత రికార్డులన్నీ చెరిపేసింది. పక్కనే సౌత్ పోర్ట్‌లాండ్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న చేపలవాళ్ళ గుడిసెలు కొట్టుకుపోయాయి. అటువంటి గాలి ఉందంటే వెళ్ళకూడదు, అంతే. మంచు తుపాను వెళ్ళిపోయాక మాత్రం గాలి వాయవ్యానికి తిరుగుతుంది. నేలమీంచి సముద్రం వైపు. చలి చంపేస్తుందిగానీ ఒడ్డున కెరటాలు అణిగి ఉంటాయి. చూడ్డానికి వెళ్ళే రోజు అది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఇసక మీద మంచు. విశాఖ, భీమిలి వైపు ఆటుపోట్ల తేడా మహా అయితే నాలుగైదు అడుగులు. పోర్ట్‌లాండ్ దగ్గర అది 9 అడుగుల పైన, బార్ హార్బరు దగ్గర 10, 11 అడుగులు. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి ఇసక మీది మంచునంతా కడిగేస్తుంది. అంచేత మంచు పడ్డాక, మళ్ళీ పోటు వచ్చేలోపల అక్కడ ఉండాలి. నోవా అనే ప్రభుత్వ సంస్థ ఆటుపోట్ల పట్టికలు ఊరూరికీ ఉచితంగా ఇస్తుంది. మా అమ్మాయి వాటిని తీసి ఫ్రిజ్ మీద అంటించింది. హోటలు మాత్రం ముందురోజు సాయంత్రం దాకా డబ్బు కట్ చేసుకోకుండా రద్దు చేసుకునే షరతు మీద, రెండు రాత్రులకి, రెండు వేరువేరు తేదీల్లో పెట్టుకున్నాం. సీజను కాకపోవడం వల్ల కలిగిన లాభాల్లో ఇదొకటి. జులైలో ఇలా అడిగితే నవ్వుతారు.

మొదటి తేదీ పోయింది. గాలి సముద్రంమీంచి వచ్చింది. మావారు "కొంచెం ఉందంతే" అన్నారుగానీ, అత్తయ్యగారే వద్దన్నారు. రెండో తేదీకి ముందురాత్రి మొదలైన మంచు పొద్దున్న ఎనిమిదింటిదాకా పడి ఆగింది, ఓ మూడంగుళాలు. రోడ్లు శుభ్రం చేసేదాకా ఆగి బయల్దేరాం. ఆటు పదకొండున్నరకి.

అత్తయ్యగారి వేషం చెప్పి తీరాలి. ఒంటికి అతుక్కునే థర్మల్ ప్యాంటు, దాని మీద లంగా, ఆపైన చీర, చీర మీద మావారి పొడుగు కోటు, మెడకి మా అమ్మాయి మఫ్లరు, తలకి మంకీక్యాపు, కాళ్ళకి నా స్నో బూట్లు. బూట్ల అడుగున తొడుక్కునే మేకుల రబ్బరు తొడుగులు కూడా కొన్నాం. కారు దిగి పదడుగులే నడిచినా అవి వేసుకోవలసిందే. ఇరవై డాలర్ల వస్తువు. పెద్దవాళ్ళని చలికాలంలో ఎక్కడికి తీసుకెళ్ళినా, గుడికైనా సరే, అవి తప్పకుండా కొనండి. చీరకుచ్చెళ్ళు బూట్లకి తగలకుండా కాస్త ఎత్తి పిన్నీసు పెట్టాం. దారికి పులిహోర, థర్మాస్‌లో మిరియాల చారు. పెరుగన్నం తేవద్దని అనుభవజ్ఞులు చెప్పారు, నిజమే. డిక్కీలో పెట్టిన మంచినీళ్ళ సీసాలే సగం గడ్డకట్టాయి.

న్యూహ్యాంప్‌షైర్ దాటుతుంటే, దాని సముద్రతీరం మొత్తం ఇరవై మైళ్ళ లోపే అని మా అమ్మాయి చెప్పింది. "మన గాజువాక నుంచి భీమిలి దాకా అంతకన్నా ఎక్కువే కదా" అని మామయ్యగారు ఆశ్చర్యపోయారు. వంతెన దాటగానే కిట్టరీ అవుట్‌లెట్ షాపులు. సముద్రానికి సీజను ఉంటుందిగానీ వాటికి ఉండదు. ఆగలేదు.

పదకొండు దాటాక లాంగ్ సాండ్స్ చేరాం. రోడ్డు పక్కన మాతో కలిపి నాలుగు కార్లు. గోడ దగ్గర్నుంచి కిందకి ఇసక తెల్లగా, మధ్యలో ఒక గీత గీసినట్టు మంచు ఆగిపోయి, అక్కడినుంచి తడి ఇసక నల్లగా, ఆ తర్వాత నీళ్ళు. ముదురు ఆకుపచ్చ. అత్తయ్యగారు కారులో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మావాడు దిగి ఇసకా మంచూ కలిపి ముద్ద చేసి తీసుకొచ్చి, కిటికీ దించి, మామ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ గ్లవ్సు తీసి పట్టుకున్నారు. "ఇసక పొడిగానే ఉందే" అన్నారు. ఆ తర్వాత తనే తలుపు తీశారు. మావారు ఒక పక్క, నేనొక పక్క, గోడ దాకా పన్నెండు అడుగులు. అయిదు నిమిషాలు నిలబడ్డారు. మామయ్యగారు కారులోనే కూర్చుని అద్దం కొంచెం దించి, "ఇక చాలు, రా, ముక్కు ఎర్రబడింది" అని అరుస్తున్నారు.

రాత్రి పోర్ట్‌లాండ్ దగ్గర హోటలు. మర్నాడు పొద్దున్న ఏడు డిగ్రీల ఫారన్‌హీటు, అంటే మైనస్ 14. సూర్యోదయం ఏడుంబావుకి. వేసవిలోలాగ నాలుగింటికి లేవక్కర్లేదు, ఇది కూడా లాభాల్లో రాసుకోండి. లైట్‌హౌసు దగ్గరికి వెళ్ళేసరికి సముద్రం మీంచి పొగలు లేస్తున్నాయి. నీళ్ళు కనపడడంలేదు, ఒట్టి పొగ, దాని మీద ఎర్రటి వెలుగు. దూరంగా ఒక లాబ్‌స్టరు పడవ ఆ పొగలోకి వెళ్ళి మాయమైపోయింది. దీన్ని ఇక్కడివాళ్ళు సీ స్మోక్ అంటారు. గడ్డకట్టించే చలిరోజునే వస్తుంది. జులైలో ఎంత డబ్బిచ్చినా కనపడదు.

"ఎసరు కాగుతున్నట్టుంది" అన్నారు అత్తయ్యగారు.

అప్పటిదాకా కారు దిగనని భీష్మించుకున్న మామయ్యగారు దిగారు. కంచె దాకా నడిచి నిలబడ్డారు. వెనక్కి రమ్మని ఆయన్ని పిలవడం ఈసారి అత్తయ్యగారి వంతయింది. ఆ పడవ తిరిగి వచ్చేదాకా ఉందామని ఆవిడ అడిగారుగానీ అది మధ్యాహ్నానికిగానీ రాదు. రెండింటికల్లా మేం తిరుగుదారిలో ఉన్నాం, చీకటి పడితే కరిగిన మంచు రోడ్డు మీద కనిపించని ఐసు అవుతుంది కాబట్టి. రెండో రాత్రి హోటలు వదులుకున్నాం.

పిల్లలూ, ఇది మీకోసం. అంత చలిలో సముద్రం గడ్డకట్టలేదేం అని మావాడు అడిగాడు. మంచినీళ్ళు 32 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర గడ్డకడతాయి. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, అంచేత అవి 28 డిగ్రీల చిల్లర దాకా గడ్డకట్టవు. డిసెంబరు చివర్లో మెయిన్ తీరంలో నీళ్ళు 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. పైన గాలి ఏడు డిగ్రీలు! గాలితో పోలిస్తే నీళ్ళు వేడివన్నమాట. మీ మామ్మ కాఫీ గ్లాసు మీద పొగ ఎలా వస్తుందో అలాగే వస్తుంది. కావాలంటే ఒక పని చెయ్యండి. బయట 30 డిగ్రీలు ఉంటుందని చెప్పిన రాత్రి డెక్ మీద రెండు గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, రెండోదాంట్లో లీటరుకి రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపిన నీళ్ళు. పొద్దున్నే చూసి ఏ గిన్నె గడ్డకట్టిందో నాకు రాయండి. బొమ్మ వేసి పంపినవాళ్ళవి ఈ పేజీలో వేద్దాం.

పెద్దవాళ్ళకి రెండు ముక్కలు. నవంబరులో వెళ్ళేవాళ్ళు అడవి దారుల్లో నడిస్తే నారింజ రంగు చొక్కా వేసుకోండి, మెయిన్‌లో అది జింకల వేట కాలం. ఆదివారాలు మాత్రం వేట నిషిద్ధం. హోటలు గదిలో రైస్ కుక్కరు పెట్టుకోవడం మీ ఇష్టం, తాలింపు మాత్రం పెట్టకండి. పొగకి అలారం మోగితే మొత్తం హోటలంతా ఆ చలిలో బయట నిలబడాల్సి వస్తుంది. మా మిత్రులొకరు నిలబెట్టారు.

ఆరెగాన్ తీరానికో, నోవా స్కోషియాకో చలికాలంలో పెద్దవాళ్ళతో వెళ్ళినవాళ్ళు ఉంటే వివరాలు రాసి పంపండి. ముఖ్యంగా కారు నీళ్ళకి ఎంత దగ్గరదాకా పోతుందో రాయండి.